వాటర్ బెల్ సరే, ఒంటేలుకు ఎప్పుడు పంపాలి?

చిత్తూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

ఒంటిపూట బడుల్లో పిల్లలు నీళ్లు తాగడానికి వాటర్ బెల్ కొట్టమన్నారు, కొడుతున్నాం. మన ఎండలకు అది కావలసిందే. బెల్ మోగగానే మగపిల్లలు గటగటా తాగేస్తారు. ఆడపిల్లలు చాలామంది పెదాలు తడుపుకుని మూత పెట్టేస్తారు. ఇంటికి పోయేటప్పుడు చూస్తే సీసాలో సగానికి పైనే ఉంటాయి. ఏమ్మా తాగలేదా అంటే తల దించుకుంటారు. పక్కన కూర్చున్న పిల్ల జవాబు చెబుతుంది: "తాగితే ఒంటేలు వస్తుంది కదా మేడం!"

జీవశాస్త్రం చెప్పే టీచర్ని, కాదని ఎలా అంటాను? తాగిన నీళ్లు పేగుల నుంచి రక్తంలో కలుస్తాయి. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు మూత్రపిండాలకే పోతుంది. ఒక్కోదాంట్లో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి గొట్టాలు. పెద్దవాళ్లలో అవి రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, దాదాపు అంతా మళ్లీ రక్తానికే అప్పజెప్పి, లీటరున్నరో రెండో బయటికి పంపుతాయి. ఒంట్లో నీళ్లు చాలినన్ని ఉంటే మూత్రం ఎక్కువ పోకుండా ఆపే ఏడీహెచ్ హార్మోన్‌ను మెదడు తగ్గిస్తుంది, మూత్రం పెరుగుతుంది. దీనికంతటికీ అరగంటో గంటో పడుతుంది. అంటే బెల్లుకు బుద్ధిగా నీళ్లు తాగిన పిల్ల, తర్వాతి పీరియడ్ మధ్యలో చిటికెన వేలు చూపిస్తుంది. "ఇప్పుడే కదా బెల్ అయింది, కూర్చో" అనే మాట ఏ బడిలోనైనా వినొచ్చు.

తాగకుండా ఉంటే ఏమవుతుందంటారా? చెమటకు నీళ్లు పోతాయి, మిగిలింది మూత్రపిండాలు పట్టి ఉంచుకుంటాయి, మూత్రం చిక్కబడి ముదురు పసుపుగా వస్తుంది. అలా చిక్కబడితే లవణాలు గట్టిపడి రాళ్లు కట్టే అవకాశం పెరుగుతుంది. ఇక ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే దారి పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో సుమారు 20. సూక్ష్మజీవులు ఆడవాళ్ల మూత్రాశయానికి చేరడం అంత సులువు. నీళ్లు తాగి ఎప్పటికప్పుడు పోసేస్తుంటే అవి కొట్టుకుపోతాయి, ఆపుకుంటే లోపలే పెరుగుతాయి. మంటగా ఉందని పిల్ల చెబితే ఇంట్లో "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్లిస్తారు. చలిజ్వరం, నడుం నొప్పి వచ్చేదాకా డాక్టరు దగ్గరికి తీసుకుపోరు.

మరుగుదొడ్లు లేవని నేననడం లేదు. చాలా బడుల్లో టైల్స్ వేసినవే ఉన్నాయి. నేను చూసిన ఒక బడిలో తలుపు గడియ ఊడిపోయింది. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడుతుంది. పది నిమిషాల ఇంటర్వెల్‌లో అంతమంది ఆడపిల్లలకు ఎన్ని వంతులొస్తాయో మీరే లెక్కేయండి. నెలసరి రోజుల్లో అయితే కొందరు బడికే రారు.

కాబట్టి ఒక సర్క్యులర్ ఇప్పించండి: క్లాసు మధ్యలో వేలెత్తిన పిల్లను ప్రశ్నలు వేయకుండా పంపాలని. గడియ, మగ్గు, కుళాయి లాంటి చిన్న రిపేర్లు మార్చికి ముందే స్కూల్ గ్రాంటుతో చేయించమనండి. తనిఖీకి వచ్చే అధికారులు మధ్యాహ్న భోజనం రుచి చూసి పోతుంటారు. ఈసారి ఆడపిల్లల మరుగుదొడ్డిలోకి కూడా వెళ్లి, లోపల గడియ వేసి చూడమనండి. వచ్చేది మహిళా అధికారి అయితే పిల్లలు మిగతా సంగతులూ చెప్పుకుంటారు.

ఇట్లు,
జిల్లాలో ఒక జీవశాస్త్రం టీచరు