ఎలుకల బోను గురించి

అందరికీ నమస్కారం. చిట్టెలుకల్ని చంపకుండా పట్టడం ఎలా అని నిన్న అడిగారు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

జిగురు అట్టలు మాత్రం వద్దండీ. ఎలుక అతుక్కుపోయి గంటల తరబడి విలవిల్లాడుతుంది, చూడలేం. తలుపు దానంతటదే పడే బోను చాలు. దాన్ని గది మధ్యలో కాకుండా గోడకి ఆనించి పెట్టండి. ఎలుకలు గోడ వారనే తిరుగుతాయి. ఎరగా బఠాణీ గింజంత వేరుశనగ ముద్ద సరిపోతుంది. జున్ను అంటే పడి చస్తాయనేది కార్టూన్ల మాట!

బోను పెట్టి మర్చిపోతే అది జిగురు అట్టకన్నా మేలేం కాదు. లోపల భయంతో, దాహంతో చచ్చిపోతాయి. కొన్ని గంటలకోసారి చూడండి. రాత్రి పెడితే తెల్లారగానే చూడాలి. దొరికితే ఆలస్యం చేయకుండా, చాటు ఉన్నచోట వదలండి. గుమ్మం బయటే వదిలితే మళ్ళీ వచ్చేస్తుంది.

అసలు పని కన్నాలు మూయడం. పెన్సిల్ దూరేంత, అంటే 6 మిల్లీమీటర్ల సందు చాలు వాటికి. స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. పెంటికల్ని పొడిగా ఊడ్వకండి, దుమ్ము లేస్తుంది. గ్లవ్స్ వేసుకుని, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్ళతో తడిపి తుడవండి.