పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ మార్కు

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నార్వేలో ఈ బెర్గెన్ ఊరి వాన సంగతి మీకు తెలిసిందే, మూడు వారాలుగా గొడుగు ఆరలేదు. అమ్మా, గోంగూర సీసా కారలేదు, భద్రంగా వచ్చింది, ఇక కంగారు పడకు.

మొన్న ఫోన్లో నా కొత్త పని గురించి చెబుతుంటే నాన్నగారు ఉన్నట్టుండి మాట మానేశారు. అది మనసులో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

కార్పొరేట్ గవర్నెన్స్ మీద, అంటే కంపెనీలని ఎవరు ఎలా నడిపిస్తారన్న దాని మీద, వచ్చే ఒక రీసెర్చ్ జర్నల్‌కి ప్రత్యేక సంచిక ప్రతిపాదిస్తున్నాం, నేనూ ఇంకో ఇద్దరూ కలిసి. అంశం ఏమిటో, ఇప్పుడే ఎందుకో రాయాలి, వ్యాసాలు పంపమని పిలుపు తయారుచేయాలి, ఎవరు రివ్యూ చేస్తారో, ఏది ఎప్పటికి అవుతుందో చెప్పాలి. ఒప్పుకుంటే చేతికి రావడానికి రెండేళ్ళు పడుతుంది, ఒప్పుకోకపోనూ వచ్చు. డబ్బులిస్తారా అని అడిగావు కదమ్మా, ఇవ్వరు. అయినా చేస్తాను.

అంశం ఏమిటంటే, కుటుంబ కంపెనీల బోర్డుల్లో డైరెక్టర్లుగా ఉండే ఆ ఇంటి ఆడవాళ్ళు. అది వినగానే మీకు చెన్నైలో మీ యజమానుల కీల్పాక్ ఇల్లే గుర్తొచ్చిందని నాకు తెలుసు నాన్నగారూ. నాకూ అక్కడే మొదలైంది.

శనివారాలు ప్యారిస్ కార్నర్ ఆఫీసు నుంచి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు కదా, చంకలో బోర్డు మీటింగ్ హాజరు పుస్తకం, బ్యాలెన్స్ షీటు కాగితాలు. ఆ ఇంటి అమ్మగారు వంటింటి గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండేవారు. చేతులు కొంగుకి తుడుచుకుని, మీరు పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోట నెమ్మదిగా, ప్రతి అక్షరం విడివిడిగా, తెలుగులో సంతకం పెట్టేవారు. నాకు జంతికలు పెట్టేవారు. ఆ మీటింగ్ ఎప్పుడు జరిగిందని నేను బస్సులో అడిగితే మీరు కిటికీలోంచి బయటికి చూశారు.

తప్పు మీదని అనడం లేదు. మీకు జీతం ఇచ్చేది ఆ ఇల్లు, మా ఫీజులు కట్టింది ఆ జీతం. ఆ ఇంటి పేరు, వ్యాపారం పేరు ఎక్కడా రావు, ఉప్పు తిన్న ఇంటి గుట్టు నేనెందుకు బయటపెడతాను? కానీ ఆవిడ కాగితం మీద డైరెక్టర్. రేపేదైనా జరిగితే నోటీసు ఆవిడ పేరు మీదా వస్తుంది. 2017లో మూడేళ్ళు వరసగా వార్షిక రిటర్నులు వేయని కంపెనీల డైరెక్టర్లని, 3 లక్షల మందికి పైగా, కంపెనీల చట్టం 164వ సెక్షన్ కింద అనర్హులని ప్రకటించారు, అప్పుడు నాకు మొదట ఆవిడే గుర్తొచ్చారు.

ఇక్కడ నార్వేలో 2003లోనే చట్టం చేశారు, పబ్లిక్ కంపెనీల బోర్డుల్లో 40 శాతం ఆడవాళ్ళు ఉండాలని. మనకి 2013 కంపెనీల చట్టం వచ్చింది, షేర్ మార్కెట్లో నమోదైన లిస్టెడ్ కంపెనీకి ఒక్క మహిళా డైరెక్టరైనా ఉండాలి, కానీ భార్యనో చెల్లెలినో కూర్చోబెట్టినా లెక్క సరిపోతుంది. అందుకే షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ, ఆ మహిళ స్వతంత్ర డైరెక్టరే, అంటే ఆ ఇంటితో సంబంధం లేని మనిషే, కావాలంది, 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకి, మరుసటి ఏడు 1000కి. మన ప్యారిస్ కార్నర్ లాంటి ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇవేవీ తగలవు. ఎంతమంది ఆడవాళ్ళున్నారని అందరూ లెక్కపెడుతున్నారు, వాళ్ళ ముందుకి కాగితం ఎలా వస్తుందో చూసేవాళ్ళు తక్కువ. నాకు అది చూసే వ్యాసాలు కావాలి, చెన్నై నుంచి, కోయంబత్తూరు నుంచి, విజయవాడ నుంచి.

మోకాళ్ళ నూనె అయిపోయిందా? తమ్ముడికి డబ్బు వేశాను, తెప్పించుకోండి. సంక్రాంతికి రాలేనమ్మా, ఏప్రిల్‌లో తప్పకుండా వస్తాను.

నాన్నగారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఒకసారి ఆవిడ పెన్ను పట్టుకుని ఆగి, "ఇందులో ఏముందండీ?" అన్నారు. మీరు "ఏం లేదమ్మా, మామూలే" అన్నారు. ఆ రోజు ఆ కాగితంలో ఏముందో గుర్తుంటే ఆదివారం ఫోన్లో చెప్పండి. ఎక్కడా రాయను, నాకు తెలియాలంతే.

మీ పెద్దమ్మాయి