మా నాన్న చేత ప్రార్థన చెప్పించిన ఆయమ్మకు వందనాలు

అందరికీ వందనాలు. నాన్నని నిన్న రాత్రి డిశ్చార్జ్ చేశారు, చెన్నై పెరంబూర్‌లో మా ఇంటికి తీసుకొచ్చేశాం. ఇన్నాళ్ళూ మీ ఫోన్లు ఎత్తలేకపోయాను, మెసేజ్‌లకి జవాబు ఇవ్వలేకపోయాను. ఇప్పుడు కూడా కళ్ళు మూతలు పడిపోతున్నాయి. అయినా ఇది ఇవాళే రాయాలి. ఆఫీసు, ఫిజియోథెరపీ, బిల్లుల గొడవలో పడ్డానంటే మళ్ళీ కూర్చోలేను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్నకి స్ట్రోక్ వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తనాళంలో గడ్డ. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాక గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే అది పడాలట. దేవుని దయవల్ల ఆ లోపే చేరాం. కాలు ముందు కదిలింది, తర్వాత చెయ్యి కొంచెం. మాట మాత్రం రాలేదు.

నాన్న తెలుగు మాస్టారు. రిటైరయ్యాక కూడా మా సంఘంలో ఆదివారం బడి ఆయనదే. వాక్యం చదివేటప్పుడు పిల్లలు ఒత్తు మింగేస్తే ఊరుకునేవారు కాదు, మళ్ళీ చదివించేవారు. అలాంటి మనిషి మంచినీళ్ళు అడగబోతే నోట్లోంచి ఏవో శబ్దాలు వచ్చేవి. మనం అనేదంతా ఆయనకి అర్థమవుతోంది, తనకేం కావాలో తెలుస్తోంది, మాట ఒక్కటే దొరకడం లేదు. ఒకసారి నన్ను పేరు పెట్టి పిలవబోయారు. రాలేదు. ఎడమ చేత్తో మంచం కడ్డీని గట్టిగా కొట్టారు. ఆ తర్వాత గోడవైపు తిరిగిపోయి నా ముఖం చూడటమే మానేశారు.

ఆ వార్డులో ఊడ్చి తుడిచే ఆయమ్మ ఒకావిడ ఉంది. పేరు రాయను, ఎందుకో కింద చెప్తాను. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని, నన్ను పాపా అనేది. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని, “మీరు తెలుగోళ్ళా పాపా?” అని పలకరించింది. వాళ్ళదీ తెలుగే. ఉండేది పులియంతోపులో. ముత్తాతల నాడు ఒంగోలు వైపు నుంచే వచ్చారట, ఏ ఊరో తనకి తెలియదు. చెన్నైలో పారిశుధ్య పని చేసేవాళ్ళలో ఇలా తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆవిడకి తెలుగు చదవడం రాదు. బైబిలు తమిళంలో చదువుకుంటుంది. ప్రార్థన మాత్రం అవ్వ దగ్గర విని నేర్చుకున్న తెలుగులోనే.

నాన్నకి మాట ఉంటే అప్పటికప్పుడే ఆవిడని కూర్చోబెట్టి, ఒంగోల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి మొదలుపెట్టేవారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించడం, కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేయడం, తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం, ఇవన్నీ మా ఇంట్లో అందరికీ కంఠతా. ఆ కాలవే ఇక్కడ చెన్నై ఊరి మధ్యలోంచి పోతుంది. నేను రోజూ దాని మీదుగానే హాస్పిటల్‌కి వెళ్ళాను, ముక్కు మూసుకుని.

ఆ పొద్దున ఆయమ్మ మంచం కింద తుడుస్తూ ఆగింది. నాన్న గోడవైపే తిరిగి ఉన్నారు. మాప్ కర్రని గోడకి ఆనించి, చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుని, ఆయన ముఖం కనిపించేలా అటువైపు వెళ్ళి నిలబడింది. “అయ్యా, నాతో ప్రార్థన చెప్తారా?” అని ఎడమ చెయ్యి పట్టుకుంది. నాకు భయమేసింది. మళ్ళీ మాట రాకపోతే ఆయన ఇంకా కుంగిపోతారేమో అని. వద్దు అక్కా అనబోయాను. ఈలోపే మొదలుపెట్టింది, మందిరంలో పిల్లలు చెప్పినట్టు లయగా, “పరలోకమందున్న మా తండ్రీ...”

నాన్న పెదవులు కదిలాయి. “నీ రాజ్యము వచ్చుగాక” దగ్గర గొంతులో ఏదో సన్నగా పలికింది. ఆవిడ ఆపలేదు, తొందరపడలేదు. చెవితో నేర్చుకున్న ప్రార్థన కదా, “మా అనుదినారము” అంది. నాన్న ఎడమ చెయ్యి ఆవిడ చేతిలోంచి బయటికొచ్చింది. చూపుడు వేలు లేచింది. క్లాసులో లేచే వేలు అది, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

“అనుదినాహారము” అన్నారు నాన్న.

అన్ని అక్షరాలూ స్పష్టంగా. అక్కడితో ఆగకుండా “నేడు మాకు దయచేయుము” అని, ఋణములు క్షమించుము, శోధనలోకి తేక, అన్నీ చెప్పుకుంటూ ఆమెన్ దాకా వెళ్ళిపోయారు. ఆయన ముందు చెప్తుంటే ఆయమ్మ వెనక అందుకుంటోంది, ఆదివారం బడి పిల్లలాగా. అయిపోయాక “సార్ నన్ను దిద్దారు పాపా!” అని నవ్వింది.

నేను తడి నేల మీదే కూలబడి ఏడ్చాను. స్ట్రోక్ వచ్చిన రోజు ఏడవలేదు, ఐసీయూ బయట ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను. ఆవిడ నన్ను లేపలేదు, ఊరుకో అనలేదు. మాప్ తీసుకుని, నేను కూర్చున్నంత మేర వదిలేసి చుట్టూ తుడుచుకుంటూ పక్క మంచానికి వెళ్ళిపోయింది.

ఇది ఆవిడకి ఎలా తోచిందో తర్వాత తెలిసింది. వాళ్ళాయనకీ స్ట్రోకే. వాళ్ళు హాస్పిటల్‌కి చేరేసరికి ఇంజెక్షన్ టైము దాటిపోయింది. ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. తిండి, స్నానం అన్నీ ఈవిడే. మాట లేదు, కానీ రాత్రి పడుకునే ముందు ఆవిడ ప్రార్థన మొదలుపెడితే వెనకే చెప్తాడట. “అందుకే సార్‌కి కూడా వస్తుందనుకున్నా” అంది, చాలా మామూలుగా.

స్పీచ్ థెరపిస్ట్‌కి చెప్తే ఆశ్చర్యపోలేదు. ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవాళ్ళకి, చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన ప్రార్థనలు, పాటలు, అంకెలు, వారాల పేర్లు తరచూ మిగిలే ఉంటాయట. సొంతంగా మాట కూర్చుకోవడం వేరు, కంఠతా వచ్చినది పలకడం వేరు. పాటలో కుడివైపు మెదడు కూడా సాయం చేస్తుందట. కాబట్టి మాట వచ్చేసిందని అనుకోవద్దనీ, అభ్యాసం నెలల తరబడి సాగాలనీ గట్టిగా చెప్పారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నాన్నకి అద్భుతంగా మాట వచ్చిందని ఆదివారం సాక్ష్యం చెప్పమని కొందరు ఫోన్లు చేస్తున్నారు. దయచేసి అలా చెప్పకండి. ఆయన ఇప్పటికీ మంచినీళ్ళు అడగలేరు, సైగ చేస్తారు. జరిగింది జరిగినట్టు చెప్తే దేవునికి మహిమ తగ్గుతుందని నేను అనుకోను. మెదడుని అలా చేసింది ఆయనే, చిన్నతనంలో ఆ ప్రార్థన నోట్లో నాటించింది ఆయనే, ఆ పొద్దున ఆ మంచం దగ్గర ఆవిడని ఆపింది కూడా ఆయనేనని నా నమ్మకం.

ఇంకో సంగతి. “మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూసి తృప్తిపడాలి” అని ఈ మధ్య చాలామంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, తెలుసు. కానీ ఆయమ్మ వాళ్ళాయన మంచం పట్టాడని నేను ఊరట పొందాలా? అలాంటి ఓదార్పు నాకు మింగుడుపడదు. ఆయమ్మ ఒక్కసారి కూడా “మాకంటే మీరు నయం” అనలేదు. ఒకరోజు నేను నోట్‌బుక్‌లో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. సెలవులు ఎన్ని మిగిలాయి, ఇన్సూరెన్స్ పోను ఎంత కట్టాలి, నాన్న ఇక వాక్యం చెప్పగలరా, అమ్మ తిరిగి వెళ్తే ఒంగోల్లో ఒక్కతే ఎలా. నా ముఖం చూసి అడిగింది, “సార్ ఇవాళ ఏం తిన్నారు?” మింగగలరో లేదో పరీక్ష చేసి, ట్యూబు తీసి, మొదటిసారి నోటితో పెట్టిన రోజు అది. చిక్కటి రాగి జావ, నాలుగు చెంచాలు. “నిన్న అది లేదు కదా పాపా. దానికి స్తోత్రం చెప్పు. రేపటిది రేపు అడుగుదాం.”

నాన్న ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పిన పాఠం ఇది! బైబిల్లో నిర్గమకాండం 16లో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం మన్నా, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, రేపటికి దాచుకున్నది పురుగు పట్టింది. ఫ్లానెల్ గుడ్డ మీద బొమ్మలు అతికించి మరీ చెప్పేవారు, నేను ముందు వరసలో కూర్చుని వినేదాన్ని. ఆ వార్డులో మాత్రం అది నాకు ఆవిడ నోట వినబడితే గానీ లోపలికి దిగలేదు. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో రెండో పేజీ పెట్టాను. నాన్న ఆ రోజు చేసినదొక్కటే అందులో రాస్తాను. గ్లాసు పట్టుకున్నారు. కాలు మడిచారు. నన్ను చూసి నవ్వారు. లెక్కల పేజీ కూడా ఉంది, బిల్లు కట్టాలి కదా. కానీ రాత్రి పడుకునే ముందు చూసేది రెండో పేజీనే.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “సార్ గొంతుతో ప్రార్థన రికార్డు చేసి పంపు, మా ఆయనకి వినిపిస్తా” అంది. ఇవాళ పొద్దున చేసి పంపాను. మధ్యలో రెండు చోట్ల ఆగారు, అలాగే పంపాను.

ఇక పేరు ఎందుకు రాయలేదంటే, నాన్నతో ప్రార్థన చెప్పించినందుకు సూపర్‌వైజర్ ఆవిడని మా ఎదుటే తిట్టాడు. పేషెంట్లతో మాట్లాడకూడదట, అది ఆవిడ పని కాదట. ఆవిడ కాంట్రాక్టు మనిషి, ఎప్పుడు తీసేసినా అడిగే దిక్కు లేదు. తెల్లవారకముందే బయల్దేరి ఆడవాళ్ళని ఉచితంగా ఎక్కించుకునే బస్సు కోసం నిలబడుతుంది. అది వదిలేసి ఆటో ఎక్కితే ఆ రోజు కూలిలో ఎంత మిగులుతుంది? బస్సు ఆలస్యమైతే ఇక్కడ జీతంలో కోత. మన ప్రాణాలు నిలిపే చోట నేల శుభ్రంగా ఉంచేవాళ్ళకి కూర్చోవడానికి ఒక కుర్చీ లేదు. ఇది చూసీ చూడనట్టు పోవడం నావల్ల కాదు. హాస్పిటల్ వాళ్ళకి ఆవిడ పేరు లేకుండా ఉత్తరం రాశాను.

ఇన్సూరెన్స్ గురించి కూడా రెండు ముక్కలు. హాస్పిటల్ అడిగిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ డిశ్చార్జ్ అనుమతి ఇచ్చి తీరాలని, ఆ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యమైతే ఆ అదనపు ఖర్చు కంపెనీయే భరించాలని కూడా అందులో ఉంది. మాకు పొద్దున్నే డిశ్చార్జ్ అన్నారు, బయటపడేసరికి రాత్రి భోజనాల వేళ. ఇదిగో క్వెరీ, అదిగో ఇంకో కాగితం. మాట రాని మనిషి బట్టలు మార్చుకుని మంచం అంచున అన్ని గంటలు కూర్చున్నారు. నేను ఆ సర్క్యులర్ ఫోన్లో తీసి చూపించాకే ఫైలు కదిలింది. మీకు అవసరం వస్తే గుర్తుపెట్టుకోండి, గట్టిగా అడగండి.

అమ్మ, తమ్ముడు, మా ఆయన, అత్తయ్య, మీ గురించి వేరే చెప్పక్కర్లేదు. పిల్లల్ని బడికి పంపింది ఎవరో, క్యారేజీలు మోసింది ఎవరో నాకు తెలుసు.

ఒంగోలు సంఘంలో ఉపవాసం ఉండి ప్రార్థించిన అందరికీ, వానలో తడుస్తూ వచ్చి కాళ్ళకి నూనె రాసి వెళ్ళిన పాస్టరమ్మగారికి వందనాలు. పక్క మంచం వాళ్ళ అబ్బాయి, తమిళం రాని మా అమ్మకి మందుల షాపులో తోడు నిలబడ్డాడు. రాత్రి డ్యూటీ నర్సు సిస్టర్, కేరళ అమ్మాయి, నాన్న పక్క మీద తడి చేసుకుని సిగ్గుపడితే తెలుగులో “పర్వాలేదు” అనడం నేర్చుకుని మరీ చెప్పింది.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న! వాకింగ్ నుంచి వస్తున్న నాన్న మూతి ఒక పక్కకి జారిందని, పలకరిస్తే మాట తడబడుతోందని ముందు గమనించింది ఆయనే. లిఫ్ట్ ఎక్కనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి మాకు ఫోన్ చేశాడు. పడుకుంటే సర్దుకుంటుందిలే అని పైకి పంపి ఉంటే ఆ నాలుగున్నర గంటలు ఇంట్లోనే అయిపోయేవి. అన్నా, తెలుగు చదవలేవని తెలుసు, సాయంత్రం కిందికి వచ్చి ఇదంతా తమిళంలో చెప్తాను.

చూడటానికి వచ్చేవాళ్ళు ఈ వారం ఆగండి, నాన్న తొందరగా అలసిపోతున్నారు. వచ్చినప్పుడు “నేనెవరో చెప్పండి” అని మాత్రం అడగకండి. కాసేపు పక్కన కూర్చుని, మీకు వచ్చిన కీర్తన ఏదైనా మొదలుపెట్టండి. ఆయన అందుకుంటారు.