ర్యాలీ తీశారు సరే, పాఠం ఎవరు చెప్తారు?

సంపాదకుడు గారికి,

డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీ గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చి వారం దాటింది. అయినా మనసు ఊరుకోక రాస్తున్నాను. ఫొటోలో ముందు వరుసంతా అధికారులు, నాయకులే. బ్యానర్ మీదా వాళ్ల బొమ్మలే. వెనక ఎండలో నిలబడ్డ పిల్లల్లో ఒక్కరినైనా "నీకున్న అనుమానం ఏంటి బిడ్డా?" అని ఎవరన్నా అడిగారా?

మా వాడకట్టులో ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి జువాలజీ నోట్సు చూశాను. వైరస్ బొమ్మ ముచ్చటగా వేసింది. ఆర్‌ఎన్‌ఏ, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఎలైసా పరీక్ష, అన్నీ తప్పు లేకుండా రాసింది. అదే పిల్ల "హాస్టల్లో అందరం ఒకే బాత్రూం వాడితే అంటుకుంటదా అమ్మమ్మా? దోమ కుడితే?" అని అడిగింది. రెంటికీ అంటుకోదని చెప్పేవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ దొరకలేదు. ఎట్లా సోకుతుందన్న పేరా రాగానే సారు "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేశారట.

చిన్నప్పుడు పెద్దల గుసగుసలు విని పిల్లలకు అదేదో చెడ్డరోగమన్న భయం పడుతుంది. హైస్కూల్‌కి వచ్చేసరికి తప్పు చేసినవాళ్లకే వస్తుందన్న మాట దానికి తోడవుతుంది. కాలేజీలో ఇక ఫోన్లో వీడియోలు, హాస్టల్ సీనియర్లే గురువులు. నాటుమందుతో పూర్తిగా తగ్గిస్తామనే మాట కూడా నమ్మే వయసది. ఎయిడ్స్ ప్రచారానికి పెట్టిన పులిరాజా హోర్డింగుల కాలంలో ఊరూవాడా దీని గురించే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత అంతా చల్లబడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 22 మందికి, పురుషుల్లో 31 మందికే సరైన అవగాహన ఉంది.

అసలు ఏ దినమైనా ఇంతే అయిపోయింది. జెండా ఊపుడు, ప్రతిజ్ఞ, ఫొటో, పైకి రిపోర్టు. మొక్కలు నాటినా అంతే, రోడ్డు భద్రతన్నా అంతే. తెల్లారితే అడిగే దిక్కుండదు.

రోజూ మందులు వాడి రక్తంలో వైరస్‌ను పరీక్షకు అందనంతగా తగ్గించుకున్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? వైరస్ సోకి ఉండొచ్చని అనుమానం వస్తే 72 గంటల్లోపు దాన్ని అడ్డుకునే మందు మొదలుపెట్టాలని? ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రంలో, పరీక్ష ఉచితమని, వివరాలు బయటపెట్టరని? వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉందని? హెచ్‌ఐవీ ఉందని బడిలో, ఉద్యోగంలో, అద్దె ఇంటి దగ్గర వివక్ష చూపకూడదని 2017లోనే చట్టం చేశారు. దాని ఊసు ఏ తరగతి గదిలోనూ వినలేదు.

విద్యాశాఖ, వైద్యశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఎనిమిదో తరగతి నుంచే వయసుకు తగ్గట్టు చెప్పించండి. ప్రతి జూనియర్ కాలేజీకి ఐసీటీసీ కౌన్సెలర్‌ను ఏడాదికి రెండుమూడు సార్లయినా పంపండి. పిల్లలు పేరు రాయకుండా చీటీల మీద అడిగినవాటికి సిగ్గుపడకుండా జవాబులు చెప్పించండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు నోటీసు బోర్డు మీద రాయించండి. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు మొదటి విడతైనా పూర్తిచేయండి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, హన్మకొండ