తెలుగు అంకెలు వేస్తే లెక్క సున్నా

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వస్తోందంటే చాలు, కంప్యూటర్‌లో తెలుగు గురించి పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. ఫాంట్లు, కీబోర్డులు, అనువాదాలు అన్నీ చర్చకు వస్తాయి గానీ అంకెల ఊసు ఎవరూ ఎత్తరు. పాలిటెక్నిక్‌లో సి అనే ప్రోగ్రామింగ్ భాషకు ల్యాబ్ చెప్పేదాన్ని కాబట్టి ఆ సంగతి మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

మా విద్యార్థి ఒకడు వాళ్ల తాతగారి చిల్లర కొట్టు ఖాతా పుస్తకాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాడు. 1957లో నయా పైసలు వచ్చాక రాసిన పుస్తకం. రూపాయలు, చుక్క, పైసలు, అన్నీ తెలుగు అంకెల్లోనే. (అంతకు ముందుదైతే అణాలు, భిన్నాల గుర్తులతో ఇంకా చిక్కయ్యేది.) అబ్బాయి అంకెల్ని మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే టైపు చేశాడు. పాత కాగితాన్ని అలాగే ఎక్కించాలి, వాడు చేసిందే సరైన పని. ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించకుండా చక్కగా నడిచింది. అడుగున మొత్తం 0.00 అని వచ్చింది.

ఎందుకలా వచ్చిందో చెప్తాను. సి భాషలో తెలుగు అక్షరాల్ని వైడ్ క్యారెక్టర్లుగా (ఇంగ్లీషేతర లిపుల అక్షరాలు కూడా పట్టే వెడల్పైన గడులుగా) చదువుకుని, వాటిని దశాంశ సంఖ్యగా మార్చడానికి డబ్ల్యూసీఎస్‌టుడీ (wcstod) అనే ఫంక్షన్, అంటే భాషతోనే వచ్చే సిద్ధమైన చిన్న ప్రోగ్రామ్, వాడతాం. 1995లో సి ప్రమాణానికి చేసిన సవరణతో వచ్చింది ఇది. ముందున్న ఖాళీల్ని వదిలేసి, ప్లస్ లేదా మైనస్ గుర్తు, అంకెలు, చుక్క చదువుకుంటూ పోయి, తనకు తెలియని అక్షరం కనపడగానే ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో రెండో ఆర్గ్యుమెంట్‌గా (దానికి అందించే రెండో వివరంగా) మనమిచ్చిన పాయింటర్‌లో, అంటే చోటును గుర్తుపెట్టుకునే గడిలో, రాసి పెడుతుంది. అసలు సంఖ్యే దొరక్కపోతే సున్నా ఇచ్చి, మొదట్లోనే ఆగానని ఆ పాయింటర్‌లో చెప్తుంది. నిజంగా 0 అని రాసి ఉన్నా వచ్చేది సున్నానే. ఈ రెండు సున్నాలకూ తేడా తెలిసేది ఆ పాయింటర్ వల్ల మాత్రమే. నేను చూసే ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఆ చోట నల్ అని, అంటే ఆగిన చోటు నాకు చెప్పక్కర్లేదని, పెట్టేసి ఉంటుంది.

ఇక మా ల్యాబ్‌లోని లినక్స్‌లో ఈ ఫంక్షన్‌కు తెలిసిన అంకెలు 0 నుంచి 9 వరకే. లొకేల్‌ను (ఏ భాష, ఏ ప్రాంతం పద్ధతులు పాటించాలో చెప్పే అమరికను) తెలుగుకు మార్చినా ౧౨.౫౦ దానికి సంఖ్య కాదు. సి లొకేల్ అనే మామూలు అమరిక కాని చోట్ల అదనపు రూపాల్ని కూడా ఒప్పుకోవచ్చని సి ప్రమాణం స్పష్టంగా అనుమతిస్తోంది. తలుపు తెరిచే ఉంది, మన తరఫున ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సున్నా వస్తే కనీసం అనుమానమైనా వస్తుంది. సగం చదివి ఆగిపోతే అదీ ఉండదు. 1,25,000 అని మనం రోజూ రాసే పద్ధతిలో ఇచ్చి చూడండి, కామా దగ్గర ఆగిపోయి 1 అంటుంది. లక్షా పాతికవేలు కాస్తా ఒక్క రూపాయి. జర్మన్ లొకేల్‌లో నడిపితే దశాంశానికి చుక్క బదులు కామా కావాలి, అక్కడ 12.5 ఇస్తే 12 దగ్గరే ఆగుతుంది. ఎక్కడా హెచ్చరిక రాదు.

తెలుగు అంకెల వరకు మందు చాలా చిన్నది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య, అంటే కోడ్, ఇచ్చే యూనికోడ్‌లో ౦ నుంచి ౯ వరకు 3174 మొదలు 3183 దాకా వరసగా ఉన్నాయి. ఆ పది అక్షరాలకూ కోడ్‌లోంచి 3126 తీసేస్తే మామూలు అంకె వస్తుంది. ఆ తర్వాత డబ్ల్యూసీఎస్‌టుడీకి ఇస్తే చాలు. అలా చేశాక మా విద్యార్థి లెక్క కదిలింది. అయినా పుస్తకంలోని మొత్తంతో కలవలేదు. వెతికితే తెలిసింది, కొన్ని చోట్ల తెలుగు సున్నాకు బదులు అనుస్వారం పడింది. ౦, ం తెర మీద చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి, కోడ్‌లు మాత్రం వేరు. పది రూపాయల పాతిక పైసలు ఉన్న వరస ఒక్క రూపాయిగా లెక్కలోకి వెళ్లింది. ఆగిన చోటు చూసి, వరస చివరిదాకా చదవకపోతే ఆ వరసను పక్కన పెట్టమని ప్రోగ్రామ్‌లో రాయించాను. అప్పుడు గానీ ఆ తప్పులన్నీ బయటపడలేదు.

ఈ రోజుల్లో తెలుగు అంకెలు ఎవరు వాడుతున్నారని తోటివాళ్లు నన్ను అడుగుతుంటారు. తక్కువే, నిజమే. కానీ పాత దస్తావేజులు, ఖాతా పుస్తకాలు మనింట్లోనే ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఇప్పుడే మొదలవుతోంది. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతోనూ ఆ అంకెలు పడతాయి. దరఖాస్తులో ఆదాయం గడిలో ఒక పెద్దాయన ౯౬౦౦౦ అని కొడితే, తీసుకోనని చెప్పే ప్రోగ్రామ్ అయినా ఉండాలి, సరిగ్గా తీసుకునేదైనా ఉండాలి. సున్నా అని రాసుకుని ఊరుకునేది ఉండకూడదు.

అందుకని రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యాశాఖల వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. సి ల్యాబ్ అభ్యాసాల్లో ఇదొకటి చేర్చండి: వైడ్ క్యారెక్టర్లలో ఉన్న రాత నుంచి సంఖ్య చదవాలి, ఎక్కడ ఆగిందో చెప్పాలి. పరీక్షకు ౧౨.౫౦, 1,25,000, ౧ం, ఒక ఖాళీ వరస, ఒక నిజమైన 0 ఇవ్వండి. ఐదింటికీ సరైన జవాబు చెప్పిన ప్రోగ్రామ్‌కే మార్కులు వేయండి.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకురాలు,
తెనాలి