చిన్నీ, ఒక్క మెసేజ్ పెట్టు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. బాపుకు షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాడు. సరోజత్త కోడలు ఫోన్ చేసి, మీ చిన్ని చికాగోలో తుపాకులు పేలే బస్తీల్లో తిరుగుతుందట కదా అన్నది. నువ్వేమో గొడవలు, హత్యలు ఎట్లా పుడతాయో లెక్కగట్టే చదువు, కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనే అన్నావు. ఇన్ని రోజులు ఫోన్ ఎందుకు లేదు మరి?

జనం సర్కారు మీద ఎప్పుడు తిరగబడతారో కంప్యూటర్‌లో చూపించేది, నువ్వు చెప్పిన ఎప్‌స్టీన్ మోడల్ గుర్తుంది, 2002 నాటిది. తెర మీద బొమ్మ మనుషులు, ఒక్కొక్కరికి కొంత కడుపుమంట, కొంత అరెస్టు భయం. సర్కారు మీద నమ్మకం మెల్లగా తగ్గితే ఒక్కొక్కరే లేచి దొరికిపోతారు, ఒక్కసారే కూలితే అందరూ కలిసి లేస్తారు. తొంభైల్లో మన దిక్కు చూసినవన్నీ కళ్లముందుకొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు. మీ వీధిలో లైట్లు ఉంటాయా?

నాకైతే ఆ స్లట్కిన్ డాక్టర్ పని నచ్చింది. క్షయ, కలరా మీద పనిచేసినాయన 2000లో మీ చికాగోలోనే మొదలుపెట్టాడన్నావు, గొడవ ముదరకముందే ఆ బస్తీవాళ్లే పోయి ఆపడం. తాత చేసింది అదే. బావి నీళ్ల వంతు కాడ మల్లయ్య కొడుకులకు పడలేదు, చిన్నోడు గొడ్డలి పట్టుకుని బావికాడికి పోయాడని తెలిసి తాత అన్నం ముందునుంచి లేచి పోయాడు. ఒక్క మాట మందలించలేదు. బీడీ అడిగి, బర్రె బేరం సంగతి, వానల సంగతి, కరెంటు పోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. తెల్లారి జనగామ నుంచి వాళ్లక్కను పిలిపించాడు, వాడు ఆమె మాట ఒక్కటే వింటాడు. ఆమె ఏడ్చి, తిట్టి, ఇద్దరినీ కూర్చోబెట్టింది. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి అని నోటు పుస్తకంలో రాయించారు.

కేసు కాలేదు, పేపర్లో రాలేదు. జరగని హత్య ఏ రికార్డులో దొరుకుతుంది బిడ్డా? నీ మోడల్‌లో తాతను ఎక్కడ పెడతావు? పోలీసులు ఎక్కువ తిరిగిన చోటే ఎక్కువ కేసులు రాస్తారు, అవే కంప్యూటర్‌కిస్తే మళ్లీ అక్కడికే పొమ్మంటుంది. ఆసుపత్రి లెక్కలు కూడా తీసుకో. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో షెపర్డ్ డాక్టర్ చూపించాడు కదా, దెబ్బలతో వచ్చినవాళ్లలో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని. అంకెలు చూసి తొందరపడి తీర్పు చెప్పకు, ముందు అక్కడి ఆడవాళ్లను అడుగు.

బస్తీకి పోవాల్సే వస్తే ఒక్కదానివే పోకు. అక్కడి మనిషిని తోడు తీసుకుని చీకటి పడకముందే గదికి రా, వేళకు తిను. సకినాలు, మామిడి తొక్కు డబ్బాలకెత్తాను. కొత్త అడ్రస్ పంపితేనే కొరియర్‌కు ఇస్తాను.

అమ్మ