లద్దాఖ్ వసంత సూచనను లోయల వారీగా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కశ్మీర్ నుంచి లద్దాఖ్‌కు వెళ్ళే దారిలోని జోజిలా కనుమ ఏటేటా ముందుగానే తెరుచుకుంటోందని, కాబట్టి వేసవి సెలవుల దాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే లద్దాఖ్‌కు బయలుదేరవచ్చని ఇటీవల మీ పర్యాటక పుటలో వచ్చిన వ్యాసం చదివాను. ఆప్రికాట్ పూల గురించి, నుబ్రా ఇసుక తిన్నెల గురించి రాసిన భాగం చక్కగా ఉంది. అయితే దారి తొందరగా తెరుచుకోవడాన్ని అన్ని విధాలా శుభవార్తగా చెప్పిన తీరు నాకు బాధ కలిగించింది. ఉద్యోగరీత్యా కొంతకాలం లేహ్‌లో ఉన్నవాణ్ణి, ఆ తరువాత భూగోళశాస్త్రం బోధించినవాణ్ణి కనుక, ఆ ప్రాంతపు వసంతకాల వాతావరణ సూచనను మనం ఎలా చదవాలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఒకప్పుడు ఐదారు నెలల పాటు మూతపడి ఉండే జోజిలా, 2023లో 68 రోజులు, 2024లో 35 రోజులు, 2025లో 32 రోజులు మాత్రమే మూతపడింది. ఇందులో సరిహద్దు రహదారుల సంస్థ సిబ్బంది కష్టం చాలా ఉంది. మంచు చరియలు విరిగిపడే ఆ వాలుల్లో యంత్రాలు నడపడం ప్రాణాలకు తెగించి చేసే పని. వారి శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అవే సంవత్సరాల్లో హిమాలయాల మీద మంచు కూడా తగ్గింది. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు మంచు లేక బోసిపోయిన సంగతి మీ పత్రికే ఫొటోతో ప్రచురించినట్టు గుర్తు. హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో నేల మీద మంచు నిలిచి ఉండే కాలం 2025 శీతాకాలంలో సాధారణం కంటే 23.6 శాతం తక్కువగా ఉందని, ఇరవై మూడేళ్ళలో ఇదే అత్యల్పమని ఖాట్మండులోని పర్వత ప్రాంతాల అధ్యయన కేంద్రం ఇసిమోడ్ ప్రకటించింది. పర్యాటకుడికి అడ్డు తొలగిందని అనిపించే ఆ మంచే అక్కడి రైతుకు విత్తనాల నాటి నీరు.

లద్దాఖ్ వ్యవసాయాన్ని దగ్గరగా చూడనివారికి ఈ మాట అతిశయోక్తిలా తోచవచ్చు. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన, మంచు కలిపినా దాదాపు 100 మిల్లీమీటర్లే. నైరుతి ఋతుపవనాలను హిమాలయ శ్రేణి అడ్డుకుంటుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి డిసెంబరు మొదలు మార్చి దాకా వచ్చే పశ్చిమ అలజడులు, అంటే వాతావరణ శాఖవారి వెస్టర్న్ డిస్టర్బెన్సులు, తెచ్చే మంచే ఆ నేలకు ఆధారం. వాన మీద పంట పండించే వీలు అక్కడ లేదు. ప్రతి చేనూ కొండవాగు నుంచి తవ్వుకున్న కాలువ మీదే బతుకుతుంది. ఆ కాలువను అక్కడివారు యూరా అంటారు, నీరు నిలవచేసుకునే చిన్న చెరువును జింగ్ అంటారు. ఎవరి చేనికి ఎప్పుడు నీరు వదలాలో నిర్ణయించే బాధ్యత చుర్‌పోన్ అనే ఊరి పెద్దమనిషిది, ఒక రకంగా మన నీరటికాడి వంటి పని. ఎండ తగిలి పైన కరిగిన మంచు ఊరికి చేరేసరికి పొద్దు వాలుతుంది. రాత్రంతా ఆ నీరు జింగ్‌లో నిండుతుంది, తెల్లవారాక తూము తీస్తారు. వంతు వచ్చిన రైతు పార పట్టుకుని కాలువ వెంట నడుస్తూ, పక్క చేనికి పోయే పాయకు రాయి, దాని మీద గడ్డి వేళ్ళతో ఉన్న మట్టిపెళ్ళ వేసి కాలితో తొక్కి మూస్తాడు. తన మడి తడిసిన వెంటనే ఆ పెళ్ళ తీసి తరువాతివాడికి దారి వదులుతాడు. ఏప్రిల్ నెలలో ఆ కాలువలో పారేది మోచేతి వెడల్పు నీరే.

అసలు చిక్కు కూడా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే ఉంది. బార్లీ విత్తే రోజులవి. అయిదు వేల మీటర్లకు పైన ఉన్న హిమానీనదాలు జూన్ దాటితే గాని బాగా కరగవు, కాబట్టి ఆలోగా నీరివ్వాల్సింది దిగువ వాలుల మీద శీతాకాలంలో పడిన మంచు. అది లేకపోతే విత్తడం ఆలస్యమవుతుంది, విత్తడం ఆలస్యమైతే శరదృతువు చలి ముంచుకొచ్చేలోపు కంకి పండదు. ఈ లోటు తీర్చడానికే సివిల్ ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ గారు 1980ల చివరి నుంచి కృత్రిమ హిమానీనదాలు నిర్మించారు. చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని నీడ పడే లోయలోకి మళ్ళించి, రాతి కట్టలతో దాని వేగం తగ్గించి, పొరలు పొరలుగా గడ్డకట్టించడం ఆయన పద్ధతి. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండడం వల్ల ఆ మంచు వసంతంలోనే కరుగుతుంది. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. తరువాత వచ్చిన మంచు స్తూపాల ఆలోచన, అంటే చలికాలపు నీటిని శంఖువు ఆకారంలో గడ్డకట్టించి నిలవచేయడం, కూడా ఈ కోవలోనిదే. అయితే ఇవేవీ ఉష్ణోగ్రతల నుంచి తప్పించుకోలేవు. మార్చిలోనే ఎండలు ముదిరితే, దాచుకున్న మంచు విత్తనాల వేళకు ముందే కరిగిపోతుంది. ఆప్రికాట్ చెట్టు పరిస్థితీ అంతే. ముందుగా వచ్చిన వెచ్చదనానికి మొగ్గ విచ్చి, ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పడితే పిందె నిలవదు. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా ఇష్టంగా తినే మనకు, ఆ పండు పూత దశలో ఎంత సున్నితమైనదో తెలియడం మంచిదే.

భారత వాతావరణ శాఖ ఏటా ఫిబ్రవరి చివర మార్చి నుంచి మే దాకా సూచన విడుదల చేస్తుంది. సాధారణం కంటే ఎక్కువ, సాధారణం, సాధారణం కంటే తక్కువ అనే మూడింటిలో దేనికి ఎంత అవకాశం ఉందో చెప్పడమే దాని పని. పత్రికల్లోకి వచ్చేసరికి ఆ ‘అవకాశం’ ఎగిరిపోయి, ‘ఈ వసంతం వేడిగా ఉంటుంది’ అని ఖాయం చేసినట్టు శీర్షిక అవుతుంది. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. దేశంలోని 36 వాతావరణ ఉపవిభాగాల్లో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ కలిసి ఒకటి. మనకు కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని విడివిడిగా లెక్కలు చెబుతారు. అనంతపురం వానను విశాఖ వానతో కలిపి సగటు తీస్తే మనం ఒప్పుకోము. అక్కడ మాత్రం ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే శ్రీనగర్, అందులో ఏడో వంతు కూడా సరిగా అందని లేహ్ ఒకే గంపలో పడతాయి.

లద్దాఖ్ లోపల కూడా లోయకూ లోయకూ పోలిక లేదు. జోజిలా దాటగానే వచ్చే ద్రాస్‌లో మంచు దండిగా పడుతుంది, సింధు లోయలోని లేహ్‌లో పొడి నేల కనిపిస్తుంది, ఖర్దుంగ్ లా కనుమకు అవతల తక్కువ ఎత్తులో ఉన్న నుబ్రాలో వసంతం ముందుగా వస్తుంది. పైగా ఎడారిలో శాతాల లెక్క మోసం చేస్తుంది. నెలకు పది మిల్లీమీటర్లు కూడా పడని చోట ఒక్క హిమపాతంతో ‘సాధారణం కంటే రెట్టింపు’ అనిపించుకోవచ్చు, ఆ మంచు రెండు రోజుల ఎండకు, మధ్యాహ్నం లోయలో లేచే పొడిగాలికి ఆవిరైపోనూ వచ్చు.

ప్రయాణికులకు కూడా ఈ వివరమే అవసరం. ఏప్రిల్‌లో లేహ్‌లో పగలు పన్నెండు, పద్నాలుగు డిగ్రీల ఎండ హాయిగా ఉన్నా, రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది. అక్కడికి దాదాపు 1,850 మీటర్ల పైనున్న ఖర్దుంగ్ లా మీద అదే సమయానికి మరో పన్నెండు డిగ్రీలు తక్కువ ఉంటుందనుకోవాలి. వసంతంలో వచ్చే ఒక్క పశ్చిమ అలజడి చాలు, నిన్న తెరిచిన కనుమ ఇవాళ మూతపడడానికి. రామగుండం, రెంటచింతల ఎండల నుంచి విమానంలో నేరుగా అక్కడ దిగేవారు కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోకుండా పైకి వెళ్ళకూడదన్న హెచ్చరిక మీ వ్యాసంలో లేకపోవడం కూడా లోపమే.

2020 డిసెంబరు నుంచి లేహ్‌లో వాతావరణ కేంద్రం పనిచేస్తోంది. దాని సూచనలు తెప్పించుకోవడం మీకు కష్టం కాదు. మార్చి నుంచి మే దాకా మీ వాతావరణ పట్టికలో లేహ్, ద్రాస్, నుబ్రాల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు విడివిడిగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఏప్రిల్‌లో ఇసిమోడ్ నివేదిక వచ్చినప్పుడు దాన్ని పర్యాటక పుటలోనే, దారి తెరిచిన వార్త పక్కనే వేయండి. అలాగే వాతావరణ శాఖ సూచనను ప్రచురించేటప్పుడు అందులోని అవకాశాల శాతాన్ని శీర్షికలో కాకపోయినా మొదటి పేరాలోనైనా ఉంచండి.

ఇట్లు,
విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు,
కర్నూలు.